అమ్మ చేతిలో ఎంపిక ఉంది, బడి చేతిలో ఏముంది?

క్లుప్తంగా: పిల్లను ఏ బడిలో వేయాలో తల్లిదండ్రులే తేల్చుకునే వీలు ఐదారేళ్లుగా పెరుగుతోంది. తల్లి ఖాతాలో పడే సొమ్ము, ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు అందుకు దారి వేశాయి. సర్కారు బడికి మాత్రం తన టీచరు, తన ఖర్చు, తన తరగతుల విషయంలో ఆ స్థాయి వీలు రాలేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్న ఊళ్ల బడులు చిక్కిపోతున్న తీరు అర్థం కావాలంటే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఉదయం ఏడున్నర

రాజాం, చీపురుపల్లి, నరసన్నపేట, టెక్కలి... ఏ పట్నం చుట్టుపక్కల ఊరైనా ఉదయం ఏడున్నరకు ఒకేలా ఉంటుంది. రామమందిరం దగ్గర పసుపు బస్సు ఆగుతుంది. టై కట్టిన పిల్లల్ని ఆయా ఒక్కొక్కరినే పైకి అందుకుంటుంది. బస్సు రాలేని సందుల్లోకి ఆటో వెళ్తుంది. ‘కాన్వెంటు’ అంటే ఇక్కడ క్రైస్తవ మఠం నడిపే బడి అని కాదు, ఫీజు కట్టే ఏ బడైనా కాన్వెంటే.

గంటన్నర తర్వాత అదే ఊళ్లో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల తెరుచుకుంటుంది. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, నలభై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు అనుకుందాం. ఒకరు ఒకటి, రెండు తరగతులు తీసుకుంటే, రెండోవారు మిగతా మూడూ ఒకే గదిలో కూర్చోబెట్టుకుంటారు. బోర్డు మధ్యలో సుద్దముక్కతో నిలువుగీత పడుతుంది. ఎడమ పక్క మూడో తరగతి తీసివేతలు, కుడి పక్క ఐదో తరగతి భిన్నాలు. నాలుగో తరగతి వాళ్లు చూచిరాత రాస్తూ ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినా, శిక్షణకో, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికో వెళ్లినా ఆ రోజు అది ఏకోపాధ్యాయ పాఠశాలే.

బస్సెక్కించే తల్లి ఇవన్నీ లెక్కగట్టకపోవచ్చు. తరగతికో మేస్టారు ఉన్న బడి ఒకటి, మూడు తరగతులకు ఒక్కరే ఉన్న బడి ఒకటి కళ్ల ముందుంటే ఆమె నిర్ణయానికి ఇంగ్లిషు మోజు ఒక్కటే కారణమని తేల్చేయడం సరికాదు.

డబ్బు వెంట వస్తుంది, కానీ సగం దూరమే

2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి పథకం బడికి పంపే తల్లికి ఏడాదికి రూ.15,000 అని ప్రకటించింది. తర్వాతి ఏళ్లలో నిర్వహణ పేరిట కొంత కోత పడింది. 2025 జూన్‌లో దాని స్థానంలో వచ్చిన తల్లికి వందనం ఇంటికొకరికే అన్న పరిమితి తీసేసి, చదివే ప్రతి బిడ్డకూ వర్తింపజేసింది. తల్లి ఖాతాలో రూ.13,000 పడుతుంది, మిగతా రూ.2,000 బడుల నిర్వహణకు పక్కన పెడతారు. రెండు పథకాల్లోనూ 75 శాతం హాజరు షరతు ఉంది. రెండూ ప్రైవేటు బడి పిల్లలకూ వర్తిస్తాయి.

విద్యా విధానాల మీద రాసేవాళ్లు ‘ఓచరు’ అనే పద్ధతికి ఇది దగ్గరగా కనిపిస్తుంది గానీ అది కాదు. ఓచరు నేరుగా బడి ఫీజుగా మారుతుంది. పిల్ల ఏ బడి ఎంచుకుంటే ప్రభుత్వ సొమ్ము ఆ బడికి చేరుతుంది. తల్లికి వందనం సొమ్ము ఇంటి ఖర్చుల్లో కలుస్తుంది. ఫీజుకైనా పెట్టవచ్చు, ఖరీఫ్ నాట్లకైనా పెట్టవచ్చు. జూన్‌లో, బడులు తెరిచే వేళకే చేతికందితే చాలామందికి ముందు గుర్తొచ్చేది మాత్రం ఫీజే. ఇంకో తేడా కూడా ఉంది. పిల్ల సర్కారు బడిలోనే ఉన్నా తల్లికి అంతే సొమ్ము వస్తుంది. పిల్ల ఆ బడిని ఎంచుకున్నందుకు బడికి అదనంగా వచ్చేదేమీ లేదు.

రెండో దారి విద్యాహక్కు చట్టంలోని సెక్షన్ 12(1)(సి). 2009లో చట్టమై 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ చట్టం, ప్రైవేటు బడుల ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకు కేటాయించాలంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అది కదలడానికి పన్నెండేళ్లు పట్టింది. హైకోర్టు ఆదేశాల తర్వాత 2022–23లో గానీ ప్రవేశాలు మొదలు కాలేదు. ఒక్కో సీటుకు ఫీజు పట్టణాల్లో రూ.8,000, గ్రామాల్లో రూ.6,500, గిరిజన ప్రాంతాల్లో రూ.5,100గా ప్రభుత్వం ఖరారు చేసింది. ఆ ఫీజును కూడా అమ్మ ఒడి సొమ్ములోంచే తల్లిదండ్రులు కట్టాలని నిబంధన పెట్టింది. ఒక చేత్తో ఇచ్చిన ఎంపిక ఖర్చును రెండో చేత్తో ఇచ్చిన సాయంలోంచి రాబట్టిందన్నమాట. తమ ఫీజుకు ఇది చాలదని యాజమాన్యాలు, డబ్బు కట్టమని ఒత్తిడి వస్తోందని తల్లిదండ్రులు వాదించుకోవడం అక్కడ మొదలైంది.

ఒక్క పిల్ల పోతే

విద్యాహక్కు చట్టం షెడ్యూలులో టీచర్ల లెక్క ఇలా ఉంటుంది: ప్రాథమిక తరగతుల్లో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు. పెద్ద బడికి ఈ మెట్లు సమస్య కాదు. చిన్న బడికి ప్రతి మెట్టూ గండమే. 61 మంది ఉన్న బడి నుంచి ఒక్క పిల్ల పసుపు బస్సెక్కితే, పిల్లల లెక్కను బట్టి టీచరు పోస్టులు సర్దే తర్వాతి హేతుబద్ధీకరణలో మూడో పోస్టు పోవచ్చు. ముగ్గురు పంచుకున్న ఐదు తరగతులు ఇద్దరి మీద పడతాయి. అది చూసి ఇంకో ఇద్దరు తల్లులు మనసు మార్చుకుంటారు. బడి బాగోలేక పిల్లలు పోయారా, పిల్లలు పోయి బడి బాగోలేకుండా పోయిందా అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరకదు.

ఈ జారుడుకు ప్రభుత్వం వెతికిన మందు విలీనం. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 కింద, కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే 3, 4, 5 తరగతులను అక్కడికి మార్చారు. చిన్న పిల్లలకు సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నది అందులోని తర్కం. కాగితం మీద అది తప్పు తర్కమేమీ కాదు. కానీ కిలోమీటరును పటం మీద కొలిచారు. ఎనిమిదేళ్ల పిల్ల దాటాల్సిన హైవే, వానాకాలంలో పొంగే గెడ్డ ఆ కొలతలోకి రావు. ఊళ్లో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే అక్క వేరే బడికి పోయింది. ఇద్దరినీ ఎలాగూ వేర్వేరు చోట్లకు పంపాలంటే, ఇంటి ముందుకే వచ్చే బస్సు తేలికనుకున్న కుటుంబాలు తక్కువేం కాదు.

2025 మేలో కొత్త ప్రభుత్వం ఆ జీవోను పక్కనపెట్టి, తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లతో సహా తొమ్మిది రకాల బడుల విధానం తెచ్చింది. తరగతికో టీచరు అన్న సూత్రం తల్లుల ప్రధాన ఫిర్యాదుకు నేరుగా జవాబు చెబుతుంది. అయితే మోడల్ బడి కాని చుట్టుపక్కల చిన్న బడుల మాటేమిటన్నది అలాగే ఉంది. మూడేళ్లలో ఒకే బడి రెండుసార్లు రూపు మారింది. రెండుసార్లూ ఆ మార్పు పుట్టింది రాజధానిలోనే.

హెడ్మాస్టరు చేతిలో ఉన్నవి

ప్రైవేటు బడి యజమానికి గణితం టీచరు నచ్చకపోతే జూన్‌లో మారుస్తాడు. తల్లులు అడిగారని సాయంత్రం గంట స్టడీ అవర్ పెడతాడు. సర్కారు హెచ్‌ఎంకు ఆ వీలు లేదు. టీచరు డీఎస్సీ నియామక పరీక్ష ద్వారా వస్తారు, పాయింట్ల ప్రకారం కౌన్సెలింగులో బదిలీ అవుతారు. ఎవరు రావాలో, ఎవరు ఉండాలో చెప్పే మాట హెచ్‌ఎంకూ లేదు, తల్లిదండ్రుల కమిటీకీ లేదు. పుస్తకాలు, సంచి, బూట్లు, యూనిఫాం రాష్ట్రం మొత్తానికి ఒకేచోట కొంటారు. కాలి కొలతలు ముందే పంపినా, పెట్టె విప్పాక పెద్ద సైజు బూట్లు వేసుకుని టపటపలాడుతూ తిరిగే పిల్లలు ఏ బడిలోనైనా కనిపిస్తారు. పక్క వీధి చెప్పుల కొట్లో మార్చి తెచ్చే అధికారం మాత్రం ఎవరికీ ఉండదు.

డబ్బు సంగతికొస్తే, సమగ్ర శిక్ష పథకం కింద బడి నిర్వహణకు కాంపోజిట్ గ్రాంటు ఉంది. పిల్లల సంఖ్యను బట్టి 30 మంది వరకు ఏడాదికి రూ.10,000, 100 వరకు రూ.25,000, 250 వరకు రూ.50,000, వెయ్యి వరకు రూ.75,000, ఆపైన లక్ష. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్న మరమ్మతులు అన్నీ ఇందులోనే. పది వేలంటే నెలకు రూ.833. మోటారు ఒకసారి కాలితే ఆరు నెలల గ్రాంటు వైండింగ్‌కే పోతుంది. పైగా 2021 నుంచి నిధుల చెల్లింపు ఒకే నోడల్ ఖాతా పద్ధతిలోకి మారింది. బడి ఖాతాలో సొమ్ము ఉండదు, వాడుకునే ‘లిమిట్’ మాత్రం చూపిస్తుంది. లిమిట్ ఆలస్యంగా పడితే మార్చి నెలాఖరులోపు హడావిడిగా ఖర్చు పెట్టాలి, లేదంటే వెనక్కి పోతుంది. జూన్‌లో కావాల్సిన కుళాయి మార్చిలో కొనే పరిస్థితి అలా వస్తుంది.

మధ్యాహ్న భోజనం మెనూ దీనికి చిన్న ఉదాహరణ. చాలాకాలం రాష్ట్రమంతటికీ ఒకటే మెనూ నడిచింది. 2025లో దాన్ని నాలుగు జోన్లుగా విడదీసి ఉత్తరాంధ్రకు వేరే మెనూ ఇచ్చారు. దీన్ని వికేంద్రీకరణ అనే అన్నారు. ఏ రోజు ఏ కూర వండాలో ఇచ్ఛాపురం నుంచి శృంగవరపుకోట దాకా ఇప్పటికీ ఒకటే జాబితా.

కమిటీకి చట్టం ఇచ్చింది, వాడుక ఇవ్వనిది

కాగితం మీద చూస్తే తల్లిదండ్రుల కమిటీ బలమైన సంస్థే. విద్యాహక్కు చట్టం సెక్షన్ 21 ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలై ఉండాలి. సెక్షన్ 22 ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది ఆ కమిటీయే, ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారం కావాలి. ఆంధ్రప్రదేశ్‌కు ఈ ఆలోచన కొత్త కూడా కాదు. 1998లోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం పేరుతో రాష్ట్రం సొంతంగా చట్టం చేసి విద్యా కమిటీలకు ఎన్నికలు పెట్టింది.

వాడుకలో మాత్రం కమిటీ సమావేశం తరచూ తీర్మానం పుస్తకంలో సంతకాల కార్యక్రమంగా మిగులుతుంది. అడగడానికి అందులో ఏమీ ఉండదు కాబట్టి ఎవరూ అడగరు. పనికి పోయే రోజు కూలీ వదులుకుని, ఇచ్చేదీ పుచ్చుకునేదీ లేని సమావేశానికి వచ్చే తల్లులు తగ్గిపోవడంలో వింత లేదు.

అధికారం నిజంగా చేతికిస్తే కమిటీలు ఏం చేయగలవో ఒకసారి తేలింది. 2019 నవంబరులో మొదలైన బడుల బాగుచేత పథకం ‘మన బడి నాడు–నేడు’ మొదటి విడతలో 15,715 బడుల పనులను తల్లిదండ్రుల కమిటీల పేరిటే చేయించారు. కాంట్రాక్టరు లేడు. సిమెంటు బస్తాలు లెక్కపెట్టింది, మేస్త్రీ కూలీ మాట్లాడింది, రాత్రి ఇసుక దగ్గర కాపలా పడుకుంది ఆ ఊరివాళ్లే. ఫ్యాన్లు, ఫర్నిచరు, రంగులు మాత్రం కేంద్రీకృతంగానే కొన్నారు. రెండో విడతలో నిధులు ఆగి గోడల దాకా లేచిన గదులు కొన్నిచోట్ల అలాగే నిలిచిపోయాయి. కమిటీకి పని చేసే అధికారం వచ్చింది గానీ డబ్బు ఎప్పుడొస్తుందో నిర్ణయించే అధికారం రాలేదని ఆ అర్ధాంతర గదులు చెబుతాయి.

పగ్గాలు పైకి ఎందుకు పోయాయి

కేంద్రీకరణ ఊరికే రాలేదు. బడి బోర్డు మీద ‘జిల్లా పరిషత్’, ‘మండల పరిషత్’ అన్న మాటలు ఇంకా ఎందుకున్నాయో గుర్తు చేసుకుంటే ఇది అర్థమవుతుంది. 1959 నవంబరు 1న పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాక ప్రాథమిక బడులు సమితులకు, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకు దఖలయ్యాయి. బడి అప్పుడు నిజంగానే స్థానిక పాలనలో ఉండేది. ఆ రోజుల్లో బదిలీ కాగితం సమితి ప్రెసిడెంటు గుమ్మం చుట్టూ తిరిగేదన్నది పాతతరం టీచర్లు ఇప్పటికీ చెప్పుకునే మాట. ఎన్నికల్లో ఎటు తిరిగాడన్నదాన్ని బట్టి మేస్టారు రోడ్డు పక్క ఊరికో, కొండ కింది ఊరికో పోయేవాడట. పాయింట్లతో, వెబ్ ఆప్షన్లతో బదిలీలు జరిపే నేటి పద్ధతికి ఆ అనుభవమే పునాది. అందుకే స్వయంప్రతిపత్తి అనగానే టీచర్ల సంఘాలు వెనకాడటాన్ని స్వార్థంగా కొట్టిపారేయలేం.

1992లో 73వ రాజ్యాంగ సవరణ పదకొండో షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక విద్యను పంచాయతీలకు అప్పగించదగిన విషయాల్లో చేర్చింది. బోర్డు మీద పేరు అలాగే ఉంది, అధికారం మాత్రం మండల, జిల్లా విద్యాధికారుల (ఎంఈఓ, డీఈఓ) మీదుగా పాఠశాల విద్యాశాఖకే పోయింది. ఇప్పుడు మొబైల్ యాప్‌ల రాకతో మధ్యలో ఉన్నవాళ్ల విచక్షణ కూడా తగ్గింది. 2022 నుంచి టీచరు హాజరు ముఖం చూపిస్తేనే పడుతుంది. సిగ్నల్ లేని కొండవాలు బడిలో ఆ ముఖం ఎన్నిసార్లు చూపించాలన్నది వేరే కథ.

మిగతా చోట్ల ఏం జరిగింది

బడికి అధికారం, తల్లికి ఎంపిక అన్న రెండు మాటలను ప్రపంచమంతా ఒకే ఊపిరిలో పలుకుతుంది గానీ అవి వేర్వేరు పనులు. ఇంగ్లండులో 1988 చట్టం రెంటినీ కలిపి తెచ్చింది. బడ్జెట్‌లో ఎక్కువ భాగం పిల్లల లెక్కన బడి పాలకమండలికే అప్పగించింది, తల్లిదండ్రులు బడిని ఎంచుకునే వీలు పెంచింది, అందరికీ ఒకే జాతీయ పాఠ్య ప్రణాళికను కూడా అప్పుడే పెట్టింది. అమెరికాలోని మిన్నెసొటా 1991లో చార్టర్ బడుల చట్టం చేసింది. ప్రభుత్వ డబ్బుతో స్వేచ్ఛగా నడుపుకోవచ్చు, ఒప్పందం ప్రకారం ఫలితాలు రాకపోతే మూసేస్తారు. కొన్ని నగరాల్లో మంచి ఫలితాలొచ్చాయి, చాలాచోట్ల మామూలు బడులకూ వాటికీ పెద్ద తేడా లేదు. చిలీ 1981లో ఓచర్లనే నమ్ముకుంది. డబ్బు పిల్ల వెంట ప్రైవేటు బడికి వెళ్లింది, బడి పిల్లల్ని ఏరుకుంది, పైన ఫీజూ వసూలు చేసింది. ఉన్నవాళ్ల పిల్లలు ఒకచోట, లేనివాళ్ల పిల్లలు ఇంకోచోట చేరారు. 2015లో మరో చట్టం తెచ్చి ఏరుకోవడాన్నీ, అదనపు ఫీజునూ క్రమంగా ఆపాల్సి వచ్చింది.

అంతకంటే దగ్గరి రుజువు మన దగ్గరే ఉంది. 2008 నుంచి నాలుగేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం నడిపారు. సర్కారు బడి పిల్లల్లో కొందరికి లాటరీ తీసి ప్రైవేటు బడి ఫీజు భరించారు. 2015లో వెలువడిన ఫలితం రెండు పక్షాలకూ అంతగా రుచించేది కాదు. తెలుగు, లెక్కల్లో లాటరీ తగిలినవారికీ తగలనివారికీ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, ఎందుకంటే సర్కారు ప్రాథమిక బడిలో హిందీయే లేదు. అయితే ఆ ప్రైవేటు బడులు ఒక్కో పిల్ల మీద పెట్టే ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతుకు మించదు. బస్సెక్కినంత మాత్రాన లెక్కలు రావని ఒక పక్షం, మూడో వంతు ఖర్చుకే అదే చదువు వచ్చిందని ఇంకో పక్షం దీన్నే చూపిస్తాయి.

ఈ రాష్ట్రంలోనే జరిగిన మరో అధ్యయనం బడికి నేరుగా డబ్బు ఇవ్వడం గురించి. అనుకోకుండా గ్రాంటు వచ్చిన ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. గ్రాంటు వస్తుందని ముందే తెలిసిన రెండో ఏడాది పెరగలేదు. కారణం ఇళ్లలో దొరికింది: బడి ఇస్తుందని తెలిశాక తల్లిదండ్రులు నోటుపుస్తకాల మీద తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. ఇల్లు కొనగలిగిన వస్తువుకు కాక, ఇల్లు కొనలేని దానికి బడి డబ్బు పోవాలన్న పాఠం ఇందులో ఉంది. నోటుపుస్తకం అమ్మ కొనగలదు. సెలవు పెట్టిన టీచరుకు బదులు మనిషిని కొనలేదు.

ఎంపిక అంటే ముందు రోడ్డు

రెండు జిల్లాలూ ఒకే ముక్క కాదు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా విడిపోయాక గిరిజన ప్రాంతంలో అధికభాగం అటు వెళ్లింది గానీ, మందస, మెళియాపుట్టి కొండవాలు ఊళ్లు శ్రీకాకుళంలోనూ, శృంగవరపుకోట పైనున్న గూడేలు విజయనగరంలోనూ ఉన్నాయి. పసుపు బస్సు అక్కడికి ఎక్కదు. 25 శాతం సీట్ల చట్టం కూడా దగ్గరలో ప్రైవేటు బడి ఉన్నవాళ్లకే పనికొస్తుంది, సీట్లు పట్నం చుట్టూ ఉంటాయి కాబట్టి. కొండ మీది తల్లికి ఉన్న ఎంపికలు రెండే: ఊరి బడి లేదా ఆశ్రమ పాఠశాల.

తీరం ఊళ్ల లెక్క వేరు. మగవాళ్లు చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు, ఇంకొందరు కుటుంబంతో సహా విశాఖ, చెన్నై, హైదరాబాదులకు భవన నిర్మాణ పనులకు వెళ్తారు. పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటుంది. కమిటీలో సంరక్షకులూ ఉండవచ్చని చట్టం చెబుతుంది, కానీ సమావేశానికి అమ్మమ్మను పిలిచే బడులెన్ని? ఇక ఇచ్ఛాపురం, కంచిలి వైపు ఒడియా మీడియం బడులున్నాయి. 2019లో రాష్ట్రమంతా ఇంగ్లిషు మీడియం తప్పనిసరి చేసిన జీవోలను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత తల్లిదండ్రుల ఐచ్ఛికాలు తీసుకుంటే 96 శాతానికి పైగా ఇంగ్లిషే కోరారని ప్రభుత్వం చెప్పింది. ప్రతి కుటుంబాన్నీ ఒక ప్రశ్న అడిగిన అరుదైన సందర్భమది. ఆ ఒక్కసారి కూడా మీడియం ఏది కావాలని అడిగారు గానీ, ఆ మీడియంలో చెప్పగల టీచరు మీ బడిలో ఉన్నారా అని అడగలేదు.

ఇదే నేల మీద ఇంకో దారీ నడిచింది. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆయన ఆగలేదు.

ముందు ఏది మారాలి

టీచరు నియామకం, బదిలీ బడికే ఇచ్చేయాలన్న వాదన ఇక్కడ ఇప్పట్లో నిలవదు, సమితి రోజుల జ్ఞాపకం ఇంకా ఆరలేదు. కానీ అంత దూరం పోకుండానే చేయగలిగినవి ఉన్నాయి. టీచరు సెలవు పెట్టిన రోజులకు ఊళ్లోని చదువుకున్న యువతిని రోజుకూలి మీద పిలుచుకునే అధికారం కమిటీకి ఇస్తే, ఏకోపాధ్యాయ రోజులు తగ్గుతాయి. కాంపోజిట్ గ్రాంటు లిమిట్ జూన్‌లోనే పడి, మిగిలింది మార్చితో పోకుండా వచ్చే ఏడాదికి వస్తే, కుళాయి సమయానికి వస్తుంది. బూట్ల బదులు కొలతకు తగ్గ బూట్లు కొనుక్కునే మొత్తం ఇస్తే దుబారా అవుతుందన్న భయం ఉంది, ఆ భయం పూర్తిగా తప్పు కాదు కూడా. లెక్కలు బడి గోడ మీద రాయించడం దానికి పాత మందే. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీ నడిపిన రాష్ట్రానికి ఇది తెలియని విద్య కాదు.

అన్నిటికంటే తేలికైనది తల్లికి వందనంలోనే ఉంది. ప్రతి బిడ్డ పేరిట పక్కన పెట్టే రూ.2,000 బడి కమిటీ ఖాతాకు కాక జిల్లా స్థాయి ఖాతాకు పోతుంది. నలభై మంది పిల్లలున్న బడికి ఆ లెక్కన రూ.80,000. అదే బడికి వచ్చే కాంపోజిట్ గ్రాంటుకు అది మూడు రెట్లు పైమాటే. ఆ సొమ్ము తీర్మానం పుస్తకం మీద ఆధారపడితే, సమావేశానికి కూలీ వదులుకుని వచ్చే తల్లికి అడగడానికి ఒక లెక్క ఉంటుంది. 2024 ఆగస్టులో ఎన్నికైన కమిటీల గడువు రెండేళ్లు. తర్వాతి ఎన్నికకు చేయెత్తే తల్లులు ముందుగా ఆరా తీయాల్సింది ఆ రెండు వేలు ఏ ఖాతాలో ఉన్నాయన్నదే.